కంకణం కట్టిన ఇంజిను

సోమవారం సాయంత్రం దాకా పాపన్ మంచి మెకానిక్కే. మంగళవారం పొద్దునకు పనికిమాలినవాడయ్యాడు. బుధవారానికి దొంగ అయ్యాడు. గుడియాత్తం నేతగాళ్ల వీధిలో మనిషి పేరు చెడటానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టదు.

చెడగొట్టింది ఒక చిన్న లారీ. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన బళ్లలో అదొకటి. వేలాయుధం మేస్త్రీ దాన్ని కొన్నాడు. మేస్త్రీ అంటే గోడలు కట్టేవాడు కాదు, వీధిలో సగం మగ్గాలకు నూలిచ్చి లుంగీలు నేయించుకునే ఆసామి. ఆ లుంగీలు ఎప్పట్నుంచో చిత్తూరుకు పోయేవి. పోయిన ఏడాది చిత్తూరు ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్లిపోయింది. బండి ఆ గీత దాటాలంటే కొత్త పర్మిట్టు కావాలన్నారు, ఆ పర్మిట్టు ఎంత తిరిగినా రాలేదు. ఇక్కడేమో టీ అంగడిలో కూర్చుంటే చాలు, "మీ రాష్ట్రం మీకొచ్చేసింది కదా, ఇంకా ఇక్కడేం పని" అని అరవంలో ఎకసెక్కాలు. మేస్త్రీకి ఒళ్లంతా కారం రాసుకున్నట్టున్న రోజులవి. మిగిలిన బేరం వేలూరు షావుకారు ఒక్కడే. శుక్రవారం మధ్యాహ్నానికి మూటలు దించకపోతే వేరేవాళ్ల దగ్గర కొంటానని ఆయన కబురు పెట్టాడు. సరిగ్గా అప్పుడే బండి ఇంజిను పగిలింది.

చర్చి వీధి పాపన్‌ను పిలిపించారు. పాపన్‌కు చేతి పని ఎంత బాగా వచ్చో నోటి దురుసు అంత ఉంది. వేలూరు పాత ఇనుము షెడ్డులో, మంటల్లో కాలిపోయిన ఇంకో మిలిటరీ బండి కింద పడున్న ఇంజిను ఒకటి వెతికి పట్టుకుని తెచ్చాడు. తాటాకు కొట్టంలో గొలుసు కట్టి పాతదాన్ని దింపి కొత్తదాన్ని ఎక్కించాడు. సోమవారం పొద్దుగూకే ముందు హ్యాండిల్ తిప్పితే ఇంజిను కుట్టుమిషన్‌లా నడిచింది. మేస్త్రీ నవ్వాడు కూడా.

ఆ తర్వాత మేస్త్రీ తల్లి రాజాంబాళ్ చేతిలో పసుపు గిన్నెతో కొట్టంలోకి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, నూలు వడికి వడికి బొటనవేలు ఒక పక్కకు వంగిపోయింది.

"ఈ ఇంజిను యాడిదిరా?"

"మిలిటరీదమ్మా. బర్మా పక్క తిరిగిన బండిదంట."

"ఎంతమందిని తొక్కిందో ఏమో. ఎవురి ఉసురుందో దీంట్లో." ఆవిడ కాసేపు దాన్ని ఎగాదిగా చూసింది. "నా కొడుకు దీని వెనకాల కూర్చోని ఊర్లు తిరగాల. దీని ప్రాణం యాడుండాదో చూపించు."

పాపన్‌ను అటువంటి ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఉబ్బిపోయాడు. ఇంజిను నెత్తిమీద ఆరు ప్లగ్గులకూ పోయే గుడ్డ చుట్టిన రబ్బరు వైర్లను వేలితో చూపించాడు. "ఇదో, ఈ తీగల్లో పారతాదమ్మా. ఇవి లేకుంటే ఇది ఒట్టి ఇనుము."

రాజాంబాళ్ అతన్ని పక్కకు జరగమంది. పసుపు నీళ్లలో నానిన నూలు పేట తీసి, ఆరు వైర్లనూ జడ పాయల్లా దగ్గరికి లాగి, నేతగాళ్ల అమ్మవారు చౌడేశ్వరమ్మ పేరు చెప్పుకుంటూ చుట్టి చుట్టి ముడి వేసింది. కుంకం పెట్టింది. "అమ్మవారి జాతర ముగిసేదాకా ఈ కంకణం జోలికి ఎవురూ పోగూడదు. నువ్వు అసలే పోగూడదు."

అసలే అన్న మాట పాపన్‌కు వినపడింది. ఇంజిను మొత్తం తన చేతులతో మోసి ఎక్కించినప్పుడు లేని మైల ఇప్పుడొచ్చిందా అని నోటిదాకా వచ్చింది. మింగేసి, చేతులు పాతగుడ్డకు తుడుచుకున్నాడు.

మంగళవారం పొద్దున రాజాంబాళ్ బానెట్ ఎత్తించి, మావిడాకుతో కంకణం మీద పసుపు నీళ్లు చల్లింది. రోజూ చల్లాలట. మేస్త్రీ హ్యాండిల్ తిప్పాడు. ఇంజిను అంటుకుంది గానీ నడక బాగాలేదు. బండి అంతా వణుకుతోంది, సైలెన్సర్ టపటపమంటోంది, కార్బరేటర్ మధ్యమధ్యలో తుమ్ముతోంది. వీధిలో మగ్గాలు ఆగాయి. నేతగాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చూశారు.

"నిన్న బాగనే ఉండె కదరా," అన్నాడు మేస్త్రీ.

"ప్లగ్గులకు నూనె పట్టింటాది," అన్నాడు పాపన్. ఆరు ప్లగ్గులూ విప్పి, తీగ బ్రష్షుతో గీకి, పెట్రోలులో కడిగి, మొనల మధ్య సందు సరిచేసి మళ్లీ బిగించాడు. అదయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. హ్యాండిల్ తిప్పితే ఇంజిను మళ్లీ కుట్టుమిషన్ అయింది. పాపన్ టీ అంగడికి పోయి, గుడియాత్తం నుంచి నాట్రంపల్లి దాకా ఇటువంటి చెయ్యి ఇంకొకటి లేదని అందరికీ వినపడేలా చెప్పుకున్నాడు. ఆ మాట చెప్పుకోకుండా ఉండుంటే బాగుండేది.

బుధవారం పొద్దున మళ్లీ అదే వణుకు, అదే తుమ్ము. ఈసారి కార్బరేటర్ మీద పడ్డాడు. జెట్లు తీసి ఊదాడు, తొట్టి అడుగున మడ్డి కడిగాడు, పాయింట్లకు ఉప్పుకాగితం పట్టాడు. మధ్యాహ్నానికి ఇంజిను బాగైంది. కానీ మేస్త్రీకి ఈసారి నవ్వు రాలేదు.

"పొద్దున చెడిపోతాది, మధ్యాన్నానికి బాగవతాది. ఇది ఇంజినా, మా బావమరిదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. "టీ అంగడిలో ఏమనుకుంటా ఉండారో తెలుసునా నీకు? వేలూర్లో మంచి సామాన్లు పీకి అమ్ముకోని, లోపల చెత్త పెట్టి బిగించినావంట."

"ఎవురన్నారు?"

"అందరూ అంటా ఉండారు. నేను కూడా అంటా ఉండాను."

పాపన్‌కు ముఖం మండిపోయింది. "ఇంజిను విప్పి చూపిస్తా మేస్త్రీ. ఒక్కొక్క బోల్టు నీ కండ్ల ముందర పెడతా."

"విప్పితే శుక్రవారానికి ఎవురు బిగిస్తారు? మీ నాయనా?" మేస్త్రీ వంగి పాపన్ పనిముట్ల పెట్టె ఎత్తుకున్నాడు. పచ్చ రంగు ఊడిపోయిన ఇనుప పెట్టె అది. లోపలి స్పానర్లు ఒక్కో షెడ్డులో ఒక్కోటిగా చాకిరీ చేసి సంపాదించుకున్నవి. "శుక్రవారం బండి వేలూరు చేరితే నీ పెట్టె నీది. చేరలేదనుకో, పాపన్ దొంగ అని నేనే షెడ్డు షెడ్డుకూ పోయి చెప్తా. ఏ షెడ్డు వాకిలి తొక్కుతావో చూస్తా." పెట్టెను మగ్గాల గదిలో పెట్టి తాళం వేశాడు.

ఇక అక్కడినుంచి స్పానరు కావాలంటే కొట్టంలోంచి కేకేసి అడగాలి. మేస్త్రీ తాళం తీసి, ఏదో ఒకటి తెచ్చి అరుగు మీద పెడతాడు. అది చిన్నదో పెద్దదో అవుతుంది. మళ్లీ అడగాలి. స్క్రూడ్రైవర్ అడిగితే ఉలి తెచ్చాడు ఒకసారి. వీధిలో వాళ్లకు మంచి కాలక్షేపం.

గురువారం ముసురు పట్టింది. కొట్టం లోపల పొద్దున పూటే చీకటిగా ఉంది. రాజాంబాళ్ వచ్చి నీళ్లు చల్లి పోయింది. మేస్త్రీ హ్యాండిల్ తిప్పి, వణికే బండిని ఓ బూతు తిట్టి లోపలికి వెళ్లాడు. పాపన్ ఒక్కడే బానెట్ కింద తల పెట్టి, ఏ ప్లగ్గు పలకడం లేదో చెవితో వెతుక్కుంటున్నాడు. అప్పుడు కనపడింది.

పసుపు దారం మీద నీలంగా సన్నని నిప్పు పాకుతోంది. ఒక వైరులోంచి లేచి పక్క వైరులోకి దూకుతోంది. అక్కడినుంచి ఇంకోదానికి. ఎండ వెలుతురుకు నిన్నా మొన్నా కనపడలేదు. ఆరు ప్లగ్గులకూ నిప్పు వంతులవారీగా అందాలి. పాత రబ్బరు నెరలు విచ్చింది, తడి నూలు వాటన్నిటినీ కట్టగట్టి పట్టుకుంది. ఒకరికి పోవాల్సిన నిప్పు ఇంకొకరు తినేస్తున్నారు. మధ్యాహ్నానికి ఇంజిను వేడికి, ఎండకు దారం ఆరుతుంది, బండి బాగవుతుంది. తెల్లారి ముసలమ్మ మళ్లీ తడుపుతుంది. ప్లగ్గులూ కార్బరేటరూ ఉత్త పుణ్యానికి కడిగాడు.

పాపన్‌కు గట్టిగా నవ్వొచ్చింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. ప్రాణం ఎక్కడుందో చూపించింది తనే కదా. చెయ్యి చాపాడు, ఒక్క ముడి, గోరుతో తీసేయొచ్చు. చుట్టూ చూశాడు. ఎదురింట్లో గుంటలోకి కాళ్లు దింపుకుని మగ్గం ముందు కూర్చున్న నేతగాడు కన్నప్ప ఇటే చూస్తూ నాడె విసురుతున్నాడు. పాపన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చర్చి వీధివాడు చౌడేశ్వరమ్మ కంకణం తెంపాడని తెలిస్తే పెట్టె సంగతి తర్వాత, ఎముకలు ఎవరు ఏరుకోవాలి?

ఇంజిను ఆపి వీధిలోకి వచ్చాడు. రాజాంబాళ్ అరుగు మీద రాట్నం పెట్టుకుని కండెలు చుడుతోంది. పాపన్ అరుగు ముందరి మురుగు కాలవకు ఇవతలే నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్క మాట. రేపు పొద్దున ఆ దారం మీద నీళ్లు చల్లొద్దమ్మా."

రాట్నం ఆగింది. "ఏమంటివి?"

"తడి నూలులో నిప్పు పారతా ఉండాదమ్మా. నీకు తెలియందా, పడుగుకు గంజి పెట్టి ఆరకముందే దగ్గరికి చేర్చితే పోగులన్నీ అంటుకోని పోతాయి కదా, ఏ పోగు యాడికి పోతుందో తెలీదు. ఇదీ అంతే. ఒక తీగ నిప్పు ఇంకో తీగ తీసుకుంటా ఉండాది. కండ్లారా చూసినాను."

రాజాంబాళ్ కండె చేతిలో పట్టుకుని అతని ముఖంలోకే చూస్తోంది. మాట ఎక్కుతోందని పాపన్‌కు అనిపించింది. అతని గొంతు ఇంకొంచెం పెరిగింది. "నీళ్లు మానేస్తే బండి బాగనే..."

వెనకనుంచి చెంప మీద పడింది దెబ్బ. పాపన్ కాలవ అంచున తూలి నిలదొక్కుకున్నాడు. మేస్త్రీ ఎప్పుడొచ్చాడో చూసుకోలేదు.

"నీ చేతగానితనానికి మా అమ్మవారిని అడ్డం పెట్టుకుంటావా? పూజ ఆపమనేదానికి నువ్వెవురివిరా?"

నేతగాళ్లు ముగ్గురు నలుగురు మగ్గం గుంటల్లోంచి లేచి వచ్చారు. ఎవరూ ఆపలేదు. పాపన్ పిడికిలి బిగించాడు, విప్పాడు. అతని పెట్టె వాళ్లింట్లో ఉంది. రాజాంబాళ్ తల వంచుకుని మళ్లీ రాట్నం తిప్పింది. దెబ్బ కంటే ఆ రాట్నం చప్పుడే పాపన్‌కు ఎక్కువ కోపం తెప్పించింది. నిజమో అబద్ధమో అడగనైనా అడగలేదు ముసల్ది.

ఇంటికొస్తే అతని భార్య ఆరోకియమేరి బీడీలు చుడుతూ ఒళ్లోని చేట పక్కన పెట్టింది. వాచిన చెంప చూసి, అంతా విని, జాలి పడుతుందనుకున్నాడు.

"ప్రాణం యాడుండాదో చూపించమంటే ఆ చక్రమో గిక్రమో చూపించలేకపోయినావా?" అంది. "నీ నోరు ఊరుకోదు. దొంగ పెండ్లామంటే రేపు నాకు బీడీ ఆకు ఎవురిస్తారు?"

"నేను దొంగనా?"

"నాకు తెలుసు కాదని. నాకు తెలిస్తే చాలదు కదా." ఆమె చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. "పొద్దున పో. పెట్టె లేకుండా ఇంటికి రావద్దు."

శుక్రవారం ముసురు ఇంకా ఆగలేదు. కొట్టం ముందర లుంగీ మూటలన్నీ లారీలో ఎక్కించి, టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించారు. వీధి సగం అక్కడే ఉంది. పాపన్ దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తలెత్తి మబ్బు చూశాడు. ఇవాళ మధ్యాహ్నానికి కూడా దారం ఆరదు. అటువంటి ఇంజినుతో ఇంత బరువు లాగితే పల్లికొండ దాటేలోపే బండి నిలిచిపోతుంది.

రాజాంబాళ్ గిన్నె తీసుకుని వచ్చింది. పాపన్ వైపు చూడలేదు. మావిడాకు ముంచి, రోజూ చల్లినట్టే, ఇంకా చెప్పాలంటే రోజూకంటే ఎక్కువే చల్లింది. దారం మీదినుంచి పసుపు నీళ్లు కారాయి. పాపన్ పళ్లు కొరికాడు. చంపడానికే చల్లుతోంది అనుకున్నాడు.

"తిప్పు," అంది కొడుకుతో.

మేస్త్రీ హ్యాండిల్ తిప్పాడు. ఇంజిను దగ్గింది, తుమ్మింది, బండి మూటలతో సహా వణికింది. మేస్త్రీ లేచి, నుదుటి మీద చెమట తుడుచుకుని, పాపన్ వైపు రెండడుగులు వేశాడు.

"ఉండరా," అంది రాజాంబాళ్.

ఆవిడ బానెట్ లోపలికి వంగింది. ముఖం దారానికి దగ్గరగా పెట్టి, కాసేపు అలాగే చూసింది. కళ్లు చికిలించింది. వీధిలో ఎవరికీ ఆవిడ చూసేదేమిటో కనపడదు. పాపన్‌కు తెలుసు. గోడ వదిలి ముందుకు వచ్చాడు.

"ఆపు దాన్ని," అంది. ఇంజిను ఆగింది. వంకర బొటనవేలితో ముడి వెతికింది. నూలు ముళ్లు విప్పడం ఆవిడకు పుట్టుకతో వచ్చిన విద్య, చటుక్కున విడిపోయింది. చుట్టు మీద చుట్టు విప్పి, కొంగుతో ఒక్కో వైరునూ పొడిగా తుడిచి, దేని దారిన దాన్ని విడదీసి వదిలింది. దారం తీసుకెళ్లి స్టీరింగు చక్రానికి కట్టింది. మేస్త్రీ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అమ్మవారికి ఆ నూనె కంపు పడలేదురా. పైన కూర్చుంటానంటా ఉండాది. ఇప్పుడు తిప్పు."

ఒక్క తిప్పుకే అంటుకుంది. ఇంజిను సన్నగా, ఒకే తీరున, గొణుక్కున్నట్టు నడిచింది. మేస్త్రీ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. వీధంతా పెట్టింది. ఎవరో కర్పూరం వెలిగించారు. పాపన్‌కు మాత్రం ఒళ్లు భగ్గుమంది. ముసలమ్మ చూసింది. కళ్లారా నిప్పు చూసింది. చూసి, నూనె కంపు అంది.

మేస్త్రీ తాళం తీయించి, పెట్టె తెచ్చి పాపన్ కాళ్ల దగ్గర దబ్బున పడేశాడు. "ఎక్కు. దారిలో ఏమన్నా అయితే చూసేదానికి ఒక మనిషి కావాల."

"దొంగను తోడు తీసకపోతావా మేస్త్రీ?"

"అయిపోయింది కదరా. ఎక్కు."

"నేను రాను. బండి బాగు చేసింది అమ్మవారు కదా, ఆమె పక్కనే ఉండాది. దారిలో ఏమన్నా అయితే ఆమెనే అడుగు."

మేస్త్రీ చెయ్యి లేచింది. ఇంజిను నడుస్తోంది, షావుకారు మధ్యాహ్నం దాకానే కాచుకుంటాడు. చెయ్యి దించి, ఎక్కి కూర్చుని, వెనక్కి చూడకుండా పోయాడు. లారీ మలుపు తిరిగేదాకా ఆ చప్పుడు ఎక్కడా తడబడలేదు. అంత కోపంలోనూ పాపన్ చెవి దాన్నే వింటూ ఉండిపోయింది.

జనం పలచబడ్డారు. రాజాంబాళ్ ఖాళీ గిన్నెతో గుమ్మం మెట్టు మీద నిలబడింది.

"నీకు కావలసింది పెట్టె. వచ్చింది కదా," అంది మెల్లగా. "పో."

"నువ్వు చూసినావు కదమ్మా."

"చూసినాను. చూసినదంతా వీధిలో చెప్తే ఏమవతాదో నీకు తెలీదు. నీ మాట విని కంకణం విప్పినానంటే రేపు నిన్ను ఈ వీధిలోకే రానీరు. నన్ను గుళ్లోకి రానీరు. బండి నడిచింది, ఇంక ఊరుకో."

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. అందుకే పాపన్‌కు ఇంకా మండింది. పెట్టె పిడి పట్టుకుని లేవనెత్తాడు. ఎదురింటి మగ్గం ఆగింది. గుంటలోంచి కన్నప్ప తల బయట పెట్టి, పళ్లికిలించాడు.

"ఏమప్పా పాపన్, అమ్మవారు భయపెట్టిందా? రాత్రి కొట్టంలో దూరి, పీకిన సామాన్లు తిరిగి పెట్టేసినావంట? అది చూసే అమ్మవారు ఇప్పుడు బండి కదలనిచ్చిందంట?"

రెండు మూడు ఇళ్లలో నవ్వులు వినపడ్డాయి. పాపన్ ఆగిపోయాడు. ఇదన్నమాట. బండి బాగైనందుకు దొంగతనం రుజువైపోయింది. ఈ సాయంత్రానికి టీ అంగడికి, రేపటికి వేలూరు షెడ్లకు చేరుతుంది ఈ మాట. పెట్టె ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. అతను పెట్టెను నడివీధిలో దించాడు.

"నేనేం పీకలేదు, నేనేం పెట్టలేదు," అన్నాడు. గొంతు తగ్గించలేదు. "తడి కంకణం తీగలను పట్టుకునింది. దాంతోనే బండి చెడింది. నిన్ననే చెప్పినాను. చెప్పినందుకు చెంప మీద కొట్టినారు. కావాలంటే ఆ అమ్మనే అడుగు."

ఒకదాని తర్వాత ఒకటి మగ్గాలు ఆగిపోయాయి. వీధి చివరి మగ్గం కూడా ఆగాక ముసురు చినుకులు తాటాకు మీద పడటం వినపడింది. కన్నప్ప గుంటలోంచి పైకి వచ్చాడు. అతని వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. అమ్మవారి మాట ఎత్తిన నోటివైపే చూస్తున్నారు. పాపన్ పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు, పారిపోవాలనే ఉంది గానీ పెట్టెతో పరుగెత్తలేడు.

"అవును," అంది రాజాంబాళ్.

అందరూ అటు తిరిగారు. ఆవిడ మెట్టు దిగి వీధిలోకి వచ్చింది.

"వాడు ఏమీ దొంగిలించలేదు. తప్పు అమ్మవారిది గాదు, నాది. కట్టగూడని చోట కట్టి రోజూ తడిపింది నేను. నూనె కంపని అబద్ధం చెప్పింది గూడా నేనే. ఏమన్నా అనాలంటే నన్ను అను కన్నప్పా."

కన్నప్ప వచ్చిన దారినే గుంటలోకి దిగాడు. మిగతా ఇద్దరూ వేరేవైపు చూశారు.

రాజాంబాళ్ పాపన్ వైపు తిరిగింది. ఆవిడ ముఖంలో దయ లాంటిదేమీ లేదు. కోపంతో దవడలు అదురుతున్నాయి.

"సాయంత్రం నా కొడుకు వస్తాడు. వాడికీ ఈ మాటే చెప్తాను. వాడు నన్నేమంటాడో నాకు తెలుసు," అంది. "నీ పేరు నీకొచ్చింది కదా. ఇంక నా కండ్ల ముందర నిలబడొద్దు, పో."

పాపన్ పెట్టె భుజానికెత్తుకుని వీధి మధ్యలోంచే నడిచి వెళ్లాడు.